వద్దన్న నాన్న మాట



ఈ పూట సినిమాల్లో పెళ్లి వద్దనే నాన్నల గురించి, ముఖం తిప్పుకునే అమ్మల గురించి మాట్లాడుకుందాం. హీరో గురించి, హీరోయిన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అడ్డం పడే పెద్దాయన గురించి ఎవరూ మాట్లాడరు. ఆఖర్లో ఆయన కరిగిపోతాడు. కళ్లు తుడుచుకుంటాడు. మనం లేచి చెప్పులు వెతుక్కుంటాం. ఆయన పని అయిపోయింది.

ఇందులోనూ ఒక రకం సినిమాలున్నాయి. అమెరికాకో, ఇంగ్లండుకో వలస వెళ్లిన ముస్లిం కుటుంబం. అమ్మానాన్నలు కరాచీ నుంచో, లాహోర్ నుంచో వెళ్లారు. పిల్లలు అక్కడి బళ్లలో చదివారు. అబ్బాయి అక్కడి అమ్మాయిని ఇష్టపడతాడు. ఇంట్లో చెప్పలేడు. దాస్తాడు. దాచినకొద్దీ మనకు నవ్వొస్తుంది. దొరికిపోయాక ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. మళ్లీ చివర్లో కాస్త నవ్వుతారు. స్థూలంగా ఇదీ వాటి కథ.

కరాచీ వాళ్ల కథ పెనుగంచిప్రోలులో ఎవరికి కావాలండీ అంటారేమో. ఒక్కసారి మన వీధులు తలుచుకోండి. పెనుగంచిప్రోలు గానీ, జగ్గయ్యపేట గానీ, నందిగామ గానీ. అబ్బాయో, అమ్మాయో అమెరికాలో ఉన్న ఇల్లు ఎన్ని వీధుల్లో లేదు? రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఫోను గోడకు ఆనించి కూర్చుంటుంది. అవతల డాలస్‌లో అబ్బాయికి అప్పుడే తెల్లారింది. "నాన్నా, కంచికచర్ల సంబంధం ఫొటో పంపించాను, చూశావా?" అంటుంది. "చూస్తాలేమ్మా, ఆఫీసుకు టైమవుతోంది" అంటాడు వాడు. ఆ ఫొటో వాడు తెరవడు. ఆవిడకూ తెలుసు తెరవడని. మర్నాడు ఇంకో ఫొటో పంపుతుంది.

ఇలాంటి సంగతే ఒక అమెరికా సినిమాలో ఉంది. దాని సంగతి చెప్తాను. అంతకంటే ముందు ఒక ప్రశ్న ఇస్తాను. మీ దగ్గర పెట్టుకోండి. ఇలాంటి సినిమా ఏది చూసినా ఈ ప్రశ్న అడగండి. వద్దన్న మనిషికి కారణం ఇచ్చారా?

మళ్లీ చెప్తున్నాను. వద్దన్న మనిషికి ఆ సినిమాలో ఒక కారణం ఇచ్చారా? లేక గడ్డం పెట్టి, కళ్లెర్రజేసి, తలుపు దగ్గర నిలబెట్టి ఊరుకున్నారా?

కావడి మోసేవాణ్ణి చూశారుగా. రెండు వైపులా బరువుంటేనే నడక సాగుతుంది. ఒకవైపు బిందె ఖాళీ అయితే బద్ద లేస్తుంది, రెండో బిందె నేలకు తగులుతుంది. ప్రేమకథా అంతే. ప్రేమించినవాళ్ల వైపు నిండుగా పోసి, పెద్దవాళ్ల వైపు ఖాళీగా వదిలేస్తే అక్కడ నవ్వూ నిలబడదు, ఏడుపూ నిలబడదు.

మన పెనుగంచిప్రోలు వాళ్లకు అత్తింటి ఆరళ్ల కథ కొత్తగా చెప్పేదేముంది? తిరుపతమ్మ తల్లి కథ వింటూ పెరిగినవాళ్లం. తిరునాళ్లకు పొంగలి పెట్టుకుని మొక్కే కథ అది. దాని సంగతి వేరు. సినిమావాళ్లు మాత్రం ఆ అలవాటును వాడుకుంటారు. పెద్దావిడ ఎవరైనా అడ్డం చెప్పిందంటే ఆవిడ చెడ్డదే అని మనం ముందే తీర్మానించుకుని కూర్చుంటామని వాళ్లకు తెలుసు. అందుకని ఆవిడకు కారణం రాయరు. రాయకపోయినా మనం అడగం.

ఇక అమెరికా సినిమా. పేరు 'ద బిగ్ సిక్'. 2017లో వచ్చింది. మైఖేల్ షోవాల్టర్ తీశాడు. రాసింది మొగుడూపెళ్లాలు. కుమైల్ నంజియానీ, ఎమిలీ గోర్డన్. కుమైల్ కరాచీలో పుట్టాడు. చదువుకోడానికి అమెరికా వెళ్లాడు. వేదికెక్కి జోకులు చెప్పే కళాకారుడయ్యాడు. ఎమిలీ అమెరికా అమ్మాయి. వాళ్లిద్దరి సొంత కథనే కాస్త మార్చి రాసుకున్నారు. ఆ రాతకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. సినిమాలో కుమైల్ వేషం కుమైలే వేశాడు. తండ్రి వేషం మన అనుపమ్ ఖేర్ వేశాడు. తల్లిగా జెనోబియా ష్రాఫ్ అనే నటి.

ఊరు చికాగో. కుమైల్ పగలు కారు తోలుతాడు, రాత్రి జోకులు చెప్తాడు. వారానికోసారి అమ్మానాన్నల ఇంటికి భోజనానికి వెళ్తాడు. అందరూ తింటుంటే తలుపు చప్పుడవుతుంది. "అరె, ఎవరో వచ్చినట్టున్నారే" అంటుంది తల్లి, ఏమీ తెలియనట్టు. వచ్చేది ఒక పాకిస్తానీ అమ్మాయి. పెళ్లికూతురు. ఈ వారం ఒకరు, పై వారం ఇంకొకరు. ప్రతి అమ్మాయీ ఒక ఫొటో ఇచ్చి వెళ్తుంది. కుమైల్ ఆ ఫొటోలు పారెయ్యడు, వాటికి జవాబూ చెప్పడు. ఒక చుట్టల పెట్టెలో పడేస్తాడు. చూశారా, మన వాట్సాప్‌లో తెరవని ఫొటోల్లాంటివే.

ఇంకొకటి కూడా ఉంది. భోజనానికి ముందు నమాజు చేసుకు రమ్మంటారు పెద్దవాళ్లు. వీడు కింది గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. ఫోనులో ఐదు నిమిషాలకు గంట పెట్టుకుంటాడు. ఆ ఐదు నిమిషాలూ ఫోను చూసుకుంటూ, క్రికెట్ బ్యాటు ఊపుకుంటూ గడుపుతాడు. గంట మోగగానే పైకి వస్తాడు, నమాజు అయిపోయిన ముఖంతో. హాల్లో అందరూ నవ్వుతారు ఇక్కడ. నేనూ నవ్వాను. సంధ్యావందనం చేశావా అంటే చెంబులో నీళ్లు గలగలలాడించి వచ్చే పిల్లలు మనకు మాత్రం తెలియదా?

ఎమిలీకి ఒకరోజు ఆ చుట్టల పెట్టె దొరుకుతుంది. ఇంతమంది అమ్మాయిల ఫొటోలేమిటి అంటుంది. అసలు మీ ఇంట్లో నా సంగతి చెప్పావా అంటుంది. చెప్పలేదు. విడిపోతారు. తరవాత కొద్దిరోజులకే ఆ అమ్మాయికి జబ్బు చేస్తుంది. ఆస్పత్రిలో మందులిచ్చి స్పృహ లేకుండా ఉంచాల్సి వస్తుంది. ఆమె అమ్మానాన్నలు పరుగున వస్తారు. కుమైల్ అక్కడే కూర్చుంటాడు. ప్రేమకథలో హీరోయిన్ సగం సినిమా నిద్రలో ఉండటం, హీరో ఆవిడ అమ్మానాన్నలతో ఆస్పత్రి బెంచీ మీద స్నేహం చేసుకోవడం, ఇదీ ఆ సినిమాలో కొత్తదనం. పిల్ల మనసు గెలుచుకోవడం కంటే అత్తమామల పక్కన నోరు మూసుకుని కూర్చోవడం కష్టమని రాసినవాళ్లకు బాగా తెలిసినట్టుంది.

ఇప్పుడు మన ప్రశ్న. వద్దన్న మనిషికి కారణం ఇచ్చారా?

ఇచ్చారు. కొడుకు చివరికి నోరు తెరిచి అడుగుతాడు. అమెరికా బతుకు బతకొద్దనుకుంటే నన్ను అమెరికాకు ఎందుకు తెచ్చారని అడుగుతాడు. కుర్రాడి వైపు నుంచి అది గట్టి ప్రశ్నే. చాలా సినిమాలు ఇక్కడ చప్పట్లు కొట్టించుకుని ముందుకు పోతాయి. ఈ సినిమాలో తండ్రి జవాబు చెప్తాడు. తనకు తోచింది చేసుకుంటూ, తన వెనకున్నవాళ్లను పట్టించుకోకుండా పోవడమేనా నువ్వు నేర్చుకున్న అమెరికా అన్నట్టుగా ఉంటుంది ఆయన మాట. ఊరొదిలి, బంధువుల్ని వదిలి, కొత్తచోట మళ్లీ మొదలుపెట్టిన మనిషి అది అంటున్నాడు. కొడుకు సుఖం చూసి ఓర్వలేక అనడం లేదు. తను పోగొట్టుకున్నవాటిలో కొన్నయినా కొడుకు దగ్గర మిగలాలని ఆయన ఆశ.

తల్లి అలా మాట్లాడదు. ఆవిడ అసలు మాటే మానేస్తుంది. కుమైల్ న్యూయార్క్ వెళ్లిపోతున్నప్పుడు తండ్రి వచ్చి కౌగిలించుకుంటాడు. అమ్మ చేసిందిరా అని తినుబండారం డబ్బా చేతిలో పెడతాడు. అమ్మ కారు దిగదు. కొడుకు వైపు చూడదు. కానీ వండింది. కోపం కోపమే, వంట వంటే. ఆ ఒక్క డబ్బాతో ఆవిడ కారణమంతా చెప్పేశారు రాసినవాళ్లు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే నచ్చింది అదే.

అయితే ఒక లోటుంది, అదీ చెప్పాలి. వారం వారం ఇంటికొచ్చే ఆ పాకిస్తానీ అమ్మాయిల్ని ఎక్కువగా నవ్వులకు వాడుకున్నారు. ఇది దక్షిణాసియా ఆడపిల్లలే గట్టిగా ఎత్తిచూపారు. మేం ఏమైనా తిరస్కరించడానికి పెట్టిన బొమ్మలమా అన్నారు. న్యాయమైన మాట. వాళ్లలో ఒక్క అమ్మాయికి మాత్రం, ఖదీజా అనే పిల్లకు, ఒక సీను ఇచ్చారు. నేనూ వీటితో విసిగిపోయాను, నాకూ మర్యాద కావాలి అని చెప్పి వెళ్లిపోతుంది. ఆ సీను చూశాక మిగతావాళ్లకూ ఇలాంటిది ఒక్కొక్కటి రాసుంటే బాగుండేది కదా అనిపిస్తుంది. మనింటికి పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లకూ ఒక మనసుంటుంది కదండీ. కాఫీ గ్లాసులతో వచ్చి కాఫీ గ్లాసులతో వెళ్లిపోయే పిల్లను మన సినిమాల్లో ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు?

ఇంకో సినిమా చెప్తాను. ఇది కాస్త ఘాటు. 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్'. 1999లో వచ్చింది. అయూబ్ ఖాన్ దిన్ అనే ఆయన తన ఇంటి కథను ముందు నాటకంగా రాశాడు, తరవాత సినిమా అయింది. తండ్రి పాకిస్తానీ, తల్లి ఇంగ్లీషావిడ. సాల్ఫర్డ్ అనే ఊళ్లో చేపల వేపుడు కొట్టు. ఏడుగురు పిల్లలు. కాలం 1971. తండ్రి జార్జ్ ఖాన్ వేషం వేసింది ఓంపురి. మహానటుడు.

మొదట్లోనే ఒక తమాషా. ఆ పిల్లలు క్రైస్తవుల ఊరేగింపులో జెండాలూ శిలువా పట్టుకుని హుషారుగా నడుస్తుంటారు. మసీదు నుంచి నాన్న ముందే వచ్చేశాడని తెలుస్తుంది. ఇక చూడండి, సందుల్లోంచి పరుగు, మళ్లీ ఊరేగింపులోకి, మళ్లీ సందులోకి. ఆ నాన్నకు పిల్లలు అటు అయిపోతున్నారన్న భయం. పెద్దకొడుకు పెళ్లిపీటల మీదనుంచే లేచి పారిపోయాడు. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాడు. బయట వీధిలో చూస్తే వలసవాళ్లను వెనక్కి పంపాలనే రాజకీయం. రేడియోలో, టీవీలో చూస్తే తను వదిలొచ్చిన దేశం రెండు ముక్కలవుతున్న యుద్ధం. నేను మిమ్మల్ని ఎంత ఇంగ్లీషువాళ్లుగా పెంచినా ఈ ఊరు మిమ్మల్ని తమవాళ్లనదురా అన్నది ఆయన భయం. అందులో అబద్ధం లేదు.

కారణం ఇచ్చారు. కానీ ఆ మనిషి పెళ్లాన్ని కొడతాడు. పిల్లల్ని కొడతాడు. సినిమా దాన్ని దాచదు. ఇక్కడ మన ప్రశ్నను కాస్త జాగ్రత్తగా పట్టుకోవాలి. కారణం ఉందంటే మాఫీ ఇచ్చినట్టు అనుకోకూడదు. ఎందుకు కొట్టాడో మనకు తెలుస్తుంది, అయినా కొట్టడం తప్పే అనిపిస్తుంది. రెండూ ఒకేసారి అనిపిస్తాయి. ఆ రెండూ కలిపి అనిపించేలా తీయడానికి దమ్ము కావాలి. ఆ సినిమాకు బ్రిటన్‌లో ఆ ఏడాది ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా బాఫ్టా ఇచ్చారు.

ఫ్రాన్సులో ఒకటి తీశారు, 2014లో. అందులో వద్దనేది అక్కడివాళ్లే. క్రైస్తవ దంపతులు, నలుగురు కూతుళ్లు. పెద్దల్లుడు అల్జీరియా మూలాలున్న ముస్లిం, ఇంకో అల్లుడు యూదు, మరో అల్లుడు చైనా కుటుంబంవాడు. నాలుగో పిల్లయినా మనవాణ్ణి చేసుకుంటుందిలే అని తల్లీతండ్రీ దేవుడికి మొక్కుకుంటారు. దేవుడు విన్నాడు. నాలుగో అల్లుడు క్రైస్తవుడే. కాకపోతే ఆఫ్రికా నుంచి వచ్చినవాడు. ఇంకా తమాషా ఏమిటంటే ఆ పిల్లవాడి తండ్రి కూడా ఈ పెళ్లికి ఒప్పుకోడు. తెల్లవాళ్ల పిల్ల మనకెందుకంటాడు. చివరికి ఈ వద్దనే తండ్రీ, ఆ వద్దనే తండ్రీ కలిసి చేపలు పట్టడానికి వెళ్తారు. కలిసి తాగుతారు. పెళ్లి ఎలా చెడగొట్టాలన్న విషయంలో ఇద్దరికీ స్నేహం కుదురుతుంది! ఫ్రాన్సులో ఈ సినిమాకు 1.2 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. లోతుగా చూస్తే అంత గొప్ప సినిమా ఏమీ కాదు, జోకులు కొన్ని మోటుగా ఉంటాయి. కానీ మన ప్రశ్నకు మాత్రం ఇద్దరు తండ్రులూ జవాబు చెప్తారు. ఆఫ్రికా ఆయన తన దేశాన్ని ఫ్రాన్సు ఏలిన రోజులు ఎత్తుతాడు. కాదనలేం కదా.

ఇద్దరు తండ్రులనగానే మీకు మణిరత్నం 'బొంబాయి' గుర్తొచ్చి ఉంటుంది. 1995. తెలుగులోనూ ఆడింది. అది అల్లర్ల సినిమాగా గుర్తుండిపోయింది గానీ, మొదటి సగంలో మంచి హాస్యం ఉంది. హిందూ అబ్బాయి తండ్రి, ముస్లిం అమ్మాయి తండ్రి ఒకే ఊరివాళ్లు. కత్తులు నూరుకుంటారు. తరవాత మనవలు పుడతారు, కవలలు. ఆ పిల్లలకు కబీర్ నారాయణ్, కమల్ బషీర్ అని పేర్లు పెడతారు. ఇద్దరు తాతల పేర్లూ వచ్చాయి. ఆ తాతలు బొంబాయి వచ్చి, ఆ పిల్లలు ఏ దేవుడికి మొక్కాలన్న దానిమీద మళ్లీ తగువు పడతారు. అదీ జీవితం. పెళ్లితో అయిపోయే సినిమాలు ఈ సంగతి చెప్పవు. పేరేం పెడతారు, పండగ ఎవరింట్లో, పోయాక ఎక్కడ పూడ్చాలి, ఎక్కడ కాల్చాలి? ఈ ప్రశ్నలన్నీ పెళ్లయిన మర్నాటి నుంచే మొదలవుతాయి.

మరి అచ్చంగా మన తెలుగు సినిమా ఏం చేసింది?

'మిస్సమ్మ' తీసుకుందాం. 1955 సంక్రాంతి సినిమా. ఎల్.వి. ప్రసాద్ తీశారు. ఇప్పుడు మన జిల్లాకు పేరైన ఆ ఎన్టీఆరే హీరో. సావిత్రి హీరోయిన్. ఉద్యోగం కోసం ఒక హిందూ అబ్బాయి, ఒక క్రైస్తవ అమ్మాయి మొగుడూపెళ్లాలుగా నటించాలి. అంత చక్కటి హాస్యం మళ్లీ రాలేదు. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ మతాల తేడా దగ్గరకొచ్చేసరికి ఏం చేశారు? మేరీ అసలు మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి కూతురు మహాలక్ష్మి అన్నారు. చిక్కు తీరిపోయింది. తేడాను దాటించలేదు, తుడిచేశారు. ఇక వద్దనే మనిషి అవసరమే రాలేదు. 1955లో అంతకంటే వీలు కాలేదేమో. అయినా మేరీ మేరీగానే ఉండి పెళ్లి చేసుకుంటే ఆ ఇంట్లో జమీందారు ఎస్.వి. రంగారావు ఏమనేవారో చూడాలని నాకు ఆశ.

2022లో 'అంటే సుందరానికీ' వచ్చింది. వివేక్ ఆత్రేయ సినిమా. నాని, నజ్రియా. బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. ఇందులో ఎవరూ తప్పిపోయిన జమీందారు కూతుళ్లు లేరు. ఇద్దరూ ఎవరో వాళ్లే. రెండిళ్లలోనూ ఒప్పుకోరని తెలుసు. అందుకని రెండు అబద్ధాలు ఆడతారు. అమ్మాయి గర్భం వచ్చిందంటుంది. అబ్బాయి తనకు పిల్లలు పుట్టరంటాడు. రెండు అబద్ధాలూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. నవ్వు బాగానే వస్తుంది. నాన్నగా నరేష్ చేసిన హడావిడి మీకు గుర్తుండే ఉంటుంది. నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి. పెద్దవాళ్లు ఏమంటారో అడగకముందే వాళ్ల దగ్గరికి అబద్ధం వెళ్లి కూర్చుంది. అంటే వాళ్ల కారణం ఏమిటో తెలుసుకునే అవకాశం పిల్లలే పోగొట్టుకున్నారు. 'బిగ్ సిక్'లో చుట్టల పెట్టె చేసిన పనీ ఇదే.

మన తెలుగు సినిమాలో ముస్లిం ఇల్లు ఎప్పుడూ పక్కింట్లోనే ఉంటుంది. ముస్లిం అంటే హీరో స్నేహితుడు, లేదా నిజాయితీగల పోలీసు, లేదా ఖవ్వాలీ పాట. వంటింట్లోకి కెమెరా వెళ్లదు. అమ్మాయి తండ్రి భోజనం దగ్గర ఏం మాట్లాడతాడో మనకు వినపడదు. హైదరాబాద్ పాతబస్తీ హాస్యంతో 'ద అంగ్రేజ్' వచ్చింది. అక్కడి దక్కనీ యాసను, సలీం ఫేకు పాత్రను జనం నెత్తిన పెట్టుకున్నారు. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకూ చార్మినార్ దగ్గర కబుర్లు చెప్పుకునే కుర్రాళ్లకూ తగువు అందులో. హాయిగా నవ్వించింది. కానీ అదీ వీధిలోనే ఆగిపోయింది. ఇంట్లోకి రాలేదు.

మన జగ్గయ్యపేటలో, నందిగామలో ముస్లిం ఇళ్లున్నాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. తెలుగే మాట్లాడే నూర్‌బాషాలున్నారు, పత్తి ఏకడం తాతల నాటి వృత్తిగా ఉన్నవాళ్లు. పీర్ల పండక్కి ఎవరెవరు నిప్పుల గుండం చుట్టూ తిరుగుతారో మీకు తెలుసు. కొండపల్లి షాబుఖారీ బాబా ఉరుసుకు ఎవరెవరు వెళ్తారో తెలుసు. ముస్లిం పెళ్లికూతురి మెడలో నల్లపూసల లచ్చా వేస్తారు, మన ఆడవాళ్ల నల్లపూసలకు అది అక్కచెల్లెలు. నిఖాలో అమ్మాయి ఒప్పుకుందా లేదా అని అడిగి ఒప్పించుకుంటారు. మెహర్ అని అబ్బాయి అమ్మాయికి ఇవ్వాల్సింది ఇంతని చెప్పి రాసుకుంటారు. మనం వలీమా భోజనానికి వెళ్లి బిర్యానీ బాగుందని వచ్చేస్తాం గానీ ఇవేవీ పట్టించుకోం. వీటన్నిటి మధ్య ఒక ప్రేమకథ తీస్తే ఎంత హాస్యం! లండన్ దాకా ఎందుకు?

లండనంటే గుర్తొచ్చింది. శేఖర్ కపూర్ 2022లో లండన్‌లో ఒకటి తీశాడు. షబానా ఆజ్మీ తల్లి. కొడుకు డాక్టరు. అమ్మానాన్నలు చూసిన సంబంధమే చేసుకుంటానంటాడు, తనంతట తానే. పక్కింటి ఇంగ్లీషు అమ్మాయి దానిమీద డాక్యుమెంటరీ తీస్తానని కెమెరా పట్టుకుని లాహోర్ పెళ్లికి వెళ్తుంది. తల్లి పాత్ర నాకు నచ్చింది. ఆవిడ పెద్ద కేకలెయ్యదు. కానీ వేరే మతంవాణ్ణి చేసుకుందని కూతుర్ని దూరం పెట్టారు ఆ ఇంట్లో. ఆ ఖాళీ కుర్చీ ఆ ఇంట్లో అందరికీ కనపడుతూ ఉంటుంది. కొడుకు ఎందుకు తలవంచుకుని పెళ్లికి ఒప్పుకున్నాడో అక్కడ అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు పనికొచ్చే మాట. ఈ ప్రశ్న ఇంట్లో ఎలా వాడాలి?

పండక్కి పిల్లలొచ్చారనుకోండి. అందరూ కలిసి ఇలాంటి సినిమా ఒకటి పెట్టుకోండి. గుట్టు బయటపడే చోట ఆపండి. అక్కడ ఆపేసి, మాటలు మార్చుకోండి. అంటే పిల్లలు సినిమాలో నాన్న తరఫున మాట్లాడాలి. నాన్న సినిమాలో కొడుకు తరఫున మాట్లాడాలి. అంతే నియమం. ఎవరి పక్షం వాళ్లు మాట్లాడకూడదు.

ఎలా ఉంటుందో చెప్తాను. 'బిగ్ సిక్' ఆపారనుకుందాం. అమ్మాయి చికాగో తండ్రి అయింది. "ఒరేయ్, ఊరొదిలి వచ్చాను, మా అమ్మ పోతే చివరిచూపుకు కూడా వెళ్లలేకపోయాను. నాకు మిగిలింది ఇంట్లో మాట్లాడే భాష, తినే తిండి, చేసే నమాజు. అవీ పోతే నేనెందుకు వచ్చానురా ఇక్కడికి?" అంటుంది. సినిమాలో లేని మాటలు కూడా పుట్టిస్తుంది, ఫరవాలేదు. నాన్న ఏమో కొడుకయ్యాడు. కాసేపు మీసం దువ్వుకుంటాడు. తరవాత అంటాడు. "నీతో చెప్తే గుండెల్లో నొప్పి అంటావు నాన్నా. అమ్మ అన్నం మానేస్తుంది. అందుకే చెప్పలేదు. నాకు మాత్రం దాచడం సరదానా?" అమ్మ పక్కనుంచి, "ఆ, ఇప్పుడు తెలిసిందా" అంటుంది, ఎవరితో అంటోందో చెప్పకుండా.

నాన్న ఆ మాట తన నోటితో అన్నాడు చూశారా. సినిమాలో కొడుకు అంటే మనం వింటాం, మర్చిపోతాం. తన నోటితో అంటే మర్చిపోలేడు. అమ్మాయీ అంతే. వద్దన్న మనిషి కారణం తన గొంతుతో పలికింది. రేపు సొంత సంగతి వచ్చినప్పుడు ఒప్పుకుంటారని నేను చెప్పను. ఒప్పుకోకపోవచ్చు. కానీ చుట్టల పెట్టె అవసరం తగ్గుతుంది. అబద్ధం వెళ్లి కూర్చునే చోట ఒక మాట వెళ్లి కూర్చుంటుంది.

ఒకవేళ ఒప్పుకున్నారే అనుకోండి, లేదా పిల్లలు పట్టుబట్టారే అనుకోండి. ఇక్కడ సినిమావాళ్లు చెప్పని ఒక సంగతి. సినిమాలో క్లైమాక్స్ పది నిమిషాల్లో అయిపోతుంది, బైకు, పరుగు, మండపం. మన దేశంలో ఎవరి మతంలో వాళ్లు ఉండి పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. వివాహ అధికారికి ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. 30 రోజులు ఆగాలి, అభ్యంతరాలు ఉంటే చెప్పుకోడానికి. ఆ తరవాతే పెళ్లి. ముప్పయి రోజులు గోడ మీద పేర్లుంటే మన ఊళ్లో ఎంతమందికి తెలుస్తుంది? బస్సు దిగినవాడికల్లా తెలుస్తుంది. దీనిమీదే ఒక హాస్య సినిమా తీయొచ్చు. రోజుకొక బంధువు వచ్చి నోటీసు చదివి వెళ్తుంటాడు. ఎవరైనా రాస్తే బాగుండు.

ఏది ముందు చూడాలని అడుగుతారేమో. 'మిస్సమ్మ'తో మొదలుపెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. తరవాత 'అంటే సుందరానికీ'. ఆ రెండిటి మీదా మాట్లాడుకోవడం అలవాటయ్యాక 'బిగ్ సిక్'. అది ఇంగ్లీషు సినిమా, కింద అక్షరాలు పెట్టుకుని పెద్దవాళ్లకు మధ్యమధ్య చెప్తూ ఉండండి. కొన్ని పడకగది సంగతులు, కొన్ని మోటు మాటలు ఉన్నాయి, ముందు మీరొకసారి చూసుకోండి. 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' మాత్రం చిన్నపిల్లల్ని పడుకోబెట్టాక పెట్టండి. తండ్రి చెయ్యి చేసుకునే సీన్లు గట్టిగా ఉంటాయి. అది చూసిన రాత్రి మాటలు మార్చుకునే ఆట ఆడొద్దు. ఓంపురి పక్షాన మాట్లాడటం ఎవరికీ తేలిక కాదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఆడుకోండి.